మేజరు గారింటి పిడకల గది

హిలారియా తార్కి అంత పిరికి మనిషిని నేను లా పాస్ ఊళ్లో ఇంకొకర్ని చూడలేదు. గుర్రం డెక్కల చప్పుడు వినిపిస్తే గోడకి అతుక్కుపోయేది. పోలీసు టోపీ కనిపిస్తే చేతిలో ఏముంటే అది జారిపోయేది. సంతలో నేను పూలమ్మే చోట దాని చేతిలోంచి పగిలిపోయిన గుడ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నన్ను పెద్దగా దేనికీ జంకని మనిషి అంటారు. అందుకేనేమో, అది నన్ను పట్టుకుని వదిలేది కాదు.

సరస్సు ఒడ్డున ఒక భూస్వామి ఎస్టేటులో పుట్టింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నని బంగాళాదుంపలు దాచాడని చెప్పి గుమస్తా గుర్రానికి కట్టి చేలో ఈడ్చాడు. హిలారియా బార్లీ కుప్పలో దాక్కుని అంతా విన్నది. చూడలేదు, విన్నది. చూసుంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నని నాతో అనేది. ఆ తరువాత వాళ్లమ్మ దాన్ని ఊళ్లో దొరల ఇంట్లో పనికి పెట్టేసింది. అక్కడే అంట్లు తోముతూ, ఉల్లిపాయలు తరుగుతూ వంటమనిషి అయింది. మంచి వంటమనిషి. భయపడుతూనే వండేది, అయినా చేతిలో ఏదో ఉండేది.

మా సంఘంలోకి దాన్ని లాక్కొచ్చింది నేనే. ఆదివారం మధ్యాహ్నాలు చిహీని పేటలో ఒక దర్జీ కొట్లో కలిసేవాళ్లం. వంటమనుషులు, పూలవాళ్లు, కూరగాయలవాళ్లు, ఓ పక్క వడ్రంగులూ తాపీపనివాళ్లూ. మమ్మల్ని ఊళ్లో అనార్కిస్టులనేవారు. ఆ మాట సరిగ్గా పలకడం మాలో సగం మందికి చేతకాదు, అర్థం మాత్రం అందరికీ తెలుసు. మన నెత్తిన ఎవరూ కూర్చోకూడదు, మనం ఎవరి నెత్తినా కూర్చోకూడదు. అందుకని మాకు అధ్యక్షుడూ లేడు, కార్యదర్శీ లేడు. వారానికొకరు కుర్చీలో కూర్చోవాలి, వంతులవారీగా అందరూ మాట్లాడాలి.

హిలారియా వంతు వచ్చినరోజు నాకు గుర్తే. కుచ్చుల పావడా రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు.

"చెప్పవే, మేం నిన్ను కొరుక్కు తినంలే," అంది వెనకనుంచి ఉల్లిపాయల ఫ్రుక్తువోసా.

"నాకు భయంగా ఉంది," అని చెప్పి హిలారియా కూర్చుండిపోయింది.

కొందరు నవ్వారు. అప్పుడు జెనోన్ అపాసా అనే వడ్రంగి లేచాడు. బక్కపల్చటి మనిషి, జుట్టులో ఎప్పుడూ రంపపుపొట్టు ఉండేది. "ఈ రోజు ఇక్కడ ఇంతమంది మాట్లాడారు. అందరూ ధైర్యవంతుల్లాగే మాట్లాడారు. అబద్ధం చెప్పకుండా మాట్లాడింది ఈవిడ ఒక్కతే," అన్నాడు.

ఆ తరువాత వాళ్లిద్దరూ ఒకటయ్యారు. చర్చిలో కాదు, రిజిస్ట్రారు ఆఫీసులో కాదు. మా వాళ్లలో చాలామంది అంతే. ఒక ఆదివారం దర్జీ కొట్లో అందరి ముందూ మేం కలిసి బతుకుతాం అని చెప్పారు, తలా ఒక గ్లాసు మొక్కజొన్న సారా తాగాం, అయిపోయింది. హిలారియా కొండ మీది సోపోకాచి పేటలో దొరల ఇంట్లోనే ఉండి వండాలి కాబట్టి, ఆదివారాలు మాత్రం జెనోన్ దగ్గరికి వచ్చేది. ఆ ఇంట్లో వాళ్లకి దీనికో మగాడున్నాడన్న సంగతే తెలియదు. తరువాత దాన్ని కాపాడింది అదే.

ఆ ఇల్లు మేజర్ ఉర్కిడిది.

పక్క దేశం పరాగ్వేతో యుద్ధం మొదలైనప్పుడు ఊరంతా బ్యాండు మేళాలు. కాలేజీ కుర్రాళ్లు జెండాలు పట్టుకుని వీధుల్లో పరిగెత్తారు. చాకో అడవి ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. అక్కడ నీళ్లుండవనీ, ముళ్లకంపలుంటాయనీ విన్నాం. ఆ ముళ్లకంపల కోసం ఇక్కడి పేదవాడు అక్కడి పేదవాణ్ణి ఎందుకు చంపాలి అని మా వాళ్లు ఒక కాగితం అచ్చేసి పంచారు. దాంతో ఒక్కొక్కర్నీ పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. దర్జీని తీసుకెళ్లారు, కొట్టుకి తాళం పడింది. అచ్చువేసినవాడు ఏమయ్యాడో ఈ రోజుకీ తెలియదు. జెనోన్ గోడ దూకి నా దగ్గరికి వచ్చాడు.

అతన్ని ఎక్కడ దాచాలో నాకు పాలుపోలేదు. చిహీనిలో ఇల్లిల్లూ వెతుకుతున్నారు. వీధిలో కనపడిన మగాణ్ణల్లా లారీ ఎక్కిస్తున్నారు. హిలారియా సంత బుట్టతో వచ్చినప్పుడు చెప్పాను. అది వింటూ వింటూ బుట్ట కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయింది.

"మా ఇంట్లో వెతకరు," అంది.

"మీ ఇంట్లోనా? మీ మేజరే కదే జనాన్ని పట్టిస్తున్నది?"

"అందుకే. ఆయనింట్లో ఆయనే వెతుక్కుంటాడా?"

ఆ మాట అంటున్నప్పుడు దాని పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఏ మగాడూ, ఎంత గొంతున్నవాడూ చేయని ఆలోచన అది చేసింది.

మర్నాడు పట్టపగలే జెనోన్ ఆ ఇంట్లోకి వెళ్లాడు. బస్తా నిండా మంచుకి ఎండబెట్టిన బంగాళాదుంపలు వీపున వేసుకుని, తాడు నుదుటికి కట్టుకుని, నడుం వంచి హిలారియా వెనకాలే నడిచాడు. మూటలు మోసేవాడి మొహం ఎవరు చూస్తారు? గేటు దగ్గర సిపాయి పక్కకి తప్పుకున్నాడు. ఆ సిపాయి మధ్యాహ్నం మారిపోతాడు, కొత్తవాడికి ఎవరు లోపలికి వెళ్లారో తెలియదు. వెనక పెరట్లో వంటింటిని ఆనుకుని పిడకల గది ఉంది. బరువులు మోసే లామా జంతువుల పెంట ఎండబెట్టి కప్పుదాకా పోసి ఉంచుతారు, పొయ్యిలోకి. ఆ గుట్ట వెనక, గోడకీ గుట్టకీ మధ్య మనిషి ముడుచుకుని పడుకునేంత సందు చేసింది హిలారియా. అక్కడ పెట్టింది జెనోన్‌ని.

మేజర్ ఉర్కిడి చెడ్డ తిండిపోతు. భోజనాల గదిలో తినడం ఆయనకి నచ్చదు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, ముక్కాలి పీట లాక్కుని, పొయ్యి పక్కన కూర్చుని వేడివేడి పల్లీల సూపు తాగేవాడు. ఆ పీట వెనక గోడ, గోడకి అవతల జెనోన్. మధ్యలో ఉన్నది పచ్చి ఇటుక.

"రాత్రి ఎనిమిదిమందిని లాగాం," అనేవాడు మేజరు సూపు ఊదుకుంటూ. "ఇంకా ఆ వడ్రంగి ఒకడు దొరకాలి. అపాసాట. వాడికి కోర్టూ గీర్టూ లేదు. రైలెక్కించి ముందు వరసలో నిలబెడతాం. వాళ్లు కాల్చకపోతే మనవాళ్లే కాలుస్తారు. ఇంకొంచెం మిరపకాయ పచ్చడి వెయ్యి."

హిలారియా పచ్చడి వెయ్యబోతే గరిటె గిన్నె అంచుకి కొట్టుకుంది.

"ఏమే, చేతులా అవి, చెట్టు ఆకులా?"

"చలి దొరగారూ."

"పొయ్యి పక్కన నిలబడి చలేమిటే? పుట్టినప్పట్నించీ నీకు చలే," అని నవ్వేవాడు.

ఆయన నవ్వేవాడు గానీ అనుమానపడలేదు. ఎలా పడతాడు? ఆ మనిషి ఎప్పుడూ వణికేదే. ఇంకొకత్తె అయితే, అంటే నేనైతే, మొదటిరోజే దొరికిపోయేదాన్ని. నా చెయ్యి వణికితే ఊరంతా ఎందుకని అడుగుతుంది. హిలారియా చెయ్యి వణక్కపోతేనే అడగాలి.

కానీ లోపల అది ఏమైపోతోందో నాకు తెలుసు. సంతకి వచ్చినప్పుడల్లా ఇంకొంచెం చిక్కి కనిపించేది. తిన్నది ఇమడటంలేదంది. ఆయన పీట లాగిన చప్పుడుకి రోజూ పొద్దున్నే ప్రాణం పోయి వస్తుందంది. ఒకసారి మేజరు మాట్లాడుతూ మాట్లాడుతూ తల వెనక్కి గోడకి ఆనించాడట. జెనోన్ తల అవతల అదే చోట ఉంటుందని దీనికి తెలుసు. "ఇద్దరి తలలకీ మధ్య నా అరచెయ్యంత మందం లేదే అసుంతా," అంది. అన్నాక ఏడవలేదు. నా పూలబుట్టలో తొడిమలు తుంచుతూ కూర్చుంది.

చలికి తోడు పిడకల దుమ్ము. జెనోన్‌కి దగ్గు పట్టుకుంది.

మొదటిసారి దగ్గినప్పుడు దోన్యా ఎంకార్నా, అంటే మేజరు భార్య, వంటింటి గుమ్మంలోనే ఉందట. హిలారియా ఆలోచించలేదు. తనూ దగ్గింది. అతను దగ్గినంతసేపూ అతని కన్నా గట్టిగా దగ్గింది. ఆ తరువాత అదే అలవాటు చేసుకుంది. అతను దగ్గకపోయినా దగ్గేది, ఎందుకైనా మంచిదని. గొంతు పుండైపోయింది. నాతో మాట్లాడితే బొంగురుగా, ముసలి మగాడి గొంతులా ఉండేది.

దోన్యా ఎంకార్నాకి క్షయ అంటే చచ్చేంత భయం. ఆవిడ చెల్లెలు దాంతోనే పోయింది. డాక్టర్ని పిలిపించింది. ఆయన హిలారియా వీపు మీద చెవి పెట్టి విన్నాడు, గుండె దగ్గర విన్నాడు.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా. గుండె మాత్రం పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది. పిడకల పొగకి వచ్చే దగ్గు ఇది. కట్టెలు వాడండి, తగ్గిపోతుంది," అన్నాడు.

"అయితే ఆ పెంటంతా తీయించేస్తాను," అంది దోన్యా ఎంకార్నా. "ఎల్లుండి ఆయన ప్రయాణం. రేపు మధ్యాహ్నం ఆఫీసర్లు భోజనానికి వస్తారు. బట్టీలో పంది తొడ కాల్చాలి, దానికి కట్టెలు కావాలి ఎలాగూ. రేపు పొద్దున్నే సిపాయిల్ని పంపమని చెప్తాను."

మేజరు పటాలంతో పాటు దక్షిణానికి వెళ్తున్నాడు. ఇంట్లో అందరి మనసులూ ఆ ప్రయాణం మీదే ఉన్నాయి. రేపు కదా, ఈలోగా ఏదో ఒకటి ఆలోచించుకోవచ్చు, అసుంతాకి కబురు పెట్టొచ్చు అనుకుంది హిలారియా. కానీ సిపాయిలు మర్నాటిదాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే గేటు ముందు కట్టెల బండి ఆగింది.

బండి చక్రాల చప్పుడు వినగానే హిలారియా పిడకల గదిలోకి పరిగెత్తింది. పెరటి గోడ నిలువెత్తుకి రెండింతలు, పైన గాజుపెంకులు. గేటు దగ్గర సిపాయిలు. ఇంట్లోకి తీసుకెళ్తే దోన్యా ఎంకార్నా. మిగిలింది పెరట్లో ఉన్న మట్టి బట్టీ ఒక్కటే. మా ఊళ్లో రొట్టెలు కాల్చే బట్టీ, గుమ్మటంలా గుండ్రంగా, ముందు చిన్న నోరు. జెనోన్ పాక్కుంటూ అందులోకి దూరాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంటే గానీ పట్టలేదు. హిలారియా రేకు తలుపు మూసి, దానికి రాయి ఆనించి, వంటింట్లోకి వచ్చేసరికి సిపాయిలు పెరట్లోకి వచ్చారు.

నలుగురు. అందరూ పల్లెటూళ్ల నుంచి పట్టుకొచ్చిన కుర్రాళ్లే. గోనెల్లోకి పిడకలెత్తి మోయడం మొదలెట్టారు. గుట్ట తగ్గిపోతోంది. లోపల దుప్పటీ గిన్నే అలాగే ఉండిపోయాయని హిలారియాకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఇదెవరి కాపురం?" అన్నాడు ఒకడు లోపలినుంచి. చేతిలో సూపు గిన్నె, అందులో నాకిన ఎముక.

"నాదే నాయనా," అంది. "అక్కడ కూర్చుని తింటాను. అమ్మగారు చూడకుండా."

ఆ సిపాయి దాని మొహంలోకి చూశాడు. "వండేదానికి కూడా దొంగతిండే ఈ ఇంట్లో," అని గిన్నె దానికిచ్చి పనిలో పడ్డాడు.

గది ఖాళీ అయింది. కట్టెలు పేర్చారు. ఇక వెళ్లిపోతారనుకుంటుండగా దోన్యా ఎంకార్నా పెరట్లోకి వచ్చింది.

"హిలారియా, బట్టీ ఇప్పుడే వెలిగించు. రేపటికి కణకణలాడుతూ ఉండాలి."

"రేపు తెల్లారగానే వెలిగిస్తానమ్మగారూ."

"ఇప్పుడే అన్నాను. ఎన్నాళ్లయిందో అది వెలిగించి, తేమ పట్టి ఉంటుంది."

"కట్టెలు పచ్చివమ్మగారూ."

"ఏంటే ఇవాళ ఎదురు చెప్తున్నావు? ఎప్పుడూ లేనిది." ఆవిడ సిపాయి వైపు తిరిగింది. "నువ్వు వెలిగించు నాయనా, దానికి ఒంట్లో బాగాలేదు."

"అలాగే అమ్మగారూ. నువ్వు కూర్చో అక్కా, నేను చూసుకుంటా," అన్నాడు ఆ కుర్రాడు మంచిగానే. చేతినిండా కట్టెలు పట్టుకుని బట్టీ వైపు నడిచాడు. రాయిని కాలితో పక్కకి నెట్టాడు. రేకు తలుపు మీద చెయ్యి వేశాడు.

వంటింటి పొయ్యి మీద మూకుడులో పందికొవ్వు మరుగుతోంది. హిలారియా కుడిచెయ్యి మణికట్టుదాకా అందులో పెట్టింది.

ఆ అరుపు పక్క వీధికి వినిపించిందట. కట్టెలు కింద పడేసి సిపాయి పరిగెత్తుకొచ్చాడు. దోన్యా ఎంకార్నా గోడకి చేరబడిపోయింది. అందరూ వంటింట్లోనే ఉన్నారు. బట్టీ వైపు ఎవరూ చూడలేదు. ఒకడు పిండి తెచ్చి చల్లాడు, ఒకడు నీళ్లన్నాడు, ఇంకొకడు దాన్ని ఎత్తుకుని అదే బండిలో ఖాళీ గోనెల మీద పడుకోబెట్టాడు. ఆసుపత్రికి దారి సంత మీదుగా. నా కొట్టు దగ్గర హిలారియా బండి ఆపించింది.

నేను దాని చెయ్యి చూశాను. చూసిన తరువాత మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"అసుంతా," అంది. ఆ సిపాయిలకి కూడా మా ఆయ్‌మారా భాష వచ్చు, పక్కనే ఉన్నారు. "బట్టీలో రొట్టె పెట్టి వచ్చాను. అమ్మగారు మంట పెట్టమంటుంది. మాడిపోకుండా చూడవే."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మంట పెట్టని బట్టీలో రొట్టె ఏమిటి? దాని కళ్లు చూశాక అర్థమైంది. పూలన్నీ ఫ్రుక్తువోసాకి అప్పగించి సోపోకాచి కొండ ఎక్కాను. ఎక్కుతూ ఉంటే మొదటిసారి నాకు తెలిసింది, హిలారియా రోజూ ఎలా బతుకుతోందో. నోట్లో ఉమ్మి లేదు.

హిలారియా బదులు వండడానికి వచ్చానంటే దోన్యా ఎంకార్నా నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నీకు వంట వచ్చా?"

"హిలారియాకి నేర్పింది నేనే అమ్మగారూ," అన్నాను. నా జన్మలో ఎండు బంగాళాదుంప కూడా సరిగ్గా ఉడకబెట్టలేదు నేను.

"అయితే ముందు ఆ బట్టీ వెలిగించు."

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "మనిషి మాంసం కాలిన రోజున ఆ ఇంట్లో బట్టీ వెలిగించరమ్మగారూ. మా వాళ్లలో కీడంటారు. ఎల్లుండి దొరగారు యుద్ధానికి వెళ్తున్నారు, మీ ఇష్టం."

అలాంటి నమ్మకం మా వాళ్లలో ఏదీ లేదు. కానీ ఆవిడ నమ్మింది. గుండెల మీద శిలువ గీసుకుంది. ఆ రోజు ఆ ఇంట్లో అందరం ఒకే భయంతో ఉన్నామని నాకప్పుడే తెలిసింది, ఎవరి మగాడి కోసం వాళ్లం.

"పంది తొడ వద్దులే," అంది మెల్లిగా. "ఆయన్ని క్లబ్బులో భోజనం పెట్టించుకోమంటాను."

జెనోన్ ఆ సాయంత్రం నుంచి మర్నాడంతా, ఆ పై పొద్దుటిదాకా బట్టీలోనే ఉన్నాడు. రెండుసార్లు రేకు పక్కకి జరిపి నీళ్లిచ్చాను. వంటకి ఏదో ఉడకేశాను. మేజరు ఆఖరిరోజు పీట వేసుకుని కూర్చుని, నా సూపు ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టేశాడు. "పాపం హిలారియా," అన్నాడు. "దాని చేతి సూపు తాగి వెళ్దామనుకున్నాను." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఆ నిమిషంలో చేతకాలేదు.

ప్రయాణం రోజు ఇంట్లో అందరూ స్టేషనుకి వెళ్లారు, గేటు సిపాయితో సహా. ఊరు ఊరంతా అటే. బ్యాండు మోత కొండ మీదికి వినిపిస్తోంది. రేకు తీస్తే జెనోన్ తనంతట తను బయటికి రాలేకపోయాడు. కాళ్లు లాగి తీశాను. నిలబడటానికి చాలాసేపు పట్టింది. తల నుంచి పాదం దాకా మసి. కడగబోయి ఆగాను. ఆ మసే మంచిది.

వీధి మలుపులో గస్తీ ఎదురైంది. రైలుకి తక్కువ పడినవాళ్ల కోసం ఇంకా వెతుకుతున్నారు.

"వీడెవడు?" అన్నాడు సార్జెంటు.

"బట్టీ మసి తుడిచేవాడయ్యా. మేజర్ ఉర్కిడి గారింట్లో తుడిచి వస్తున్నాడు."

"నోరు లేదా వాడికి? రారా, లారీ ఎక్కు. చాకోలో కూడా బట్టీలున్నాయి."

సార్జెంటు జెనోన్ భుజం పట్టుకుని లాగాడు. ఆ లాగడంతో దగ్గు మొదలైంది. అన్నాళ్లుగా గోడ వెనక అణుచుకున్న దగ్గంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. వంగిపోయి దగ్గాడు. రాళ్ల మీద నల్లటి ఉమ్మి పడింది, అందులో ఎర్ర జీర. సార్జెంటు చెయ్యి తీసేసి పంట్లాముకి తుడుచుకున్నాడు.

"తీసుకుపో వీణ్ణి," అన్నాడు నాతో. "తొందరగా తీసుకుపో."

కోకా ఆకు మోసే కంచరగాడిదల వాళ్లు మా సంఘంవాళ్లకి తెలుసు. వాళ్లతో అతన్ని యుంగాస్ లోయలోకి పంపించాను.

ఆసుపత్రికి వెళ్తే హిలారియా చేతికి గుడ్డలు చుట్టి ఉన్నాయి. వార్డులో ఒక నర్సు తిరుగుతోంది.

"మాడిందా?" అని అడిగింది నన్ను.

"లేదు. చక్కగా తీసి పంపించాను."

అది సంతోషిస్తుందనుకున్నాను. మంచం పక్కకి వంగి వాంతి చేసుకుంది. ఆ తరువాత రెండుసార్లు అడిగింది అదే మాట. మూడోసారి కూడా చెప్పాను.

వేళ్లు మూడు ఒకదానికొకటి అతుక్కుని వంకరపోయాయి. అలాంటి చేత్తో పెద్దింట్లో వంటమనిషి పని ఎవరిస్తారు? నా పూల పక్కనే చిన్న కుంపటి పెట్టుకుని, ఎర్ర మొక్కజొన్న జావ అమ్మడం మొదలెట్టింది. ఎడమచేత్తో పోసేది.

మేజర్ ఉర్కిడి చాకో నుంచి తిరిగి రాలేదు. గుండు తగిలిందా, దాహంతోనా అన్నది సరిగ్గా చెప్పలేదట వాళ్లకి. చచ్చినవాళ్లు ఇంటికొచ్చే పండగ ముందురోజు దోన్యా ఎంకార్నా నల్ల శాలువాతో నా దగ్గరికి పూలకి వచ్చింది. పక్కన హిలారియాని చూసింది. దాని చెయ్యి చూసింది. "ఆయనకి నీ పల్లీల సూపంటే ప్రాణం," అని పూలు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు హిలారియా సూపు కాచింది. కుండకి గుడ్డ కట్టి వీపున మోసుకుని సోపోకాచి వెళ్లి, ఆ ఇంట్లో ఆయన పటం ముందు బల్ల మీద పెట్టి వచ్చింది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను. "జెనోన్‌ని కాల్చేస్తానన్న మనిషికా?"

"నాకు ఆయనంటే ఇప్పటికీ భయమే," అంది. "ఆకలితో వస్తే ఎటు వస్తాడో."

భయమేనా, ఇంకేమైనానా అని నేను చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

యుద్ధం అయ్యాక జెనోన్ వచ్చాడు. ఒక ఊపిరితిత్తి పాడైపోయింది, అయినా పని చేసుకునేవాడు. వాళ్లకో కూతురు పుట్టింది. సంఘం మళ్లీ లేచింది. బుట్టలున్న ఆడవాళ్లు ట్రాము ఎక్కకూడదు, దొరసానుల మేజోళ్లు చిరుగుతున్నాయి అని నగరసభ వాళ్లు అన్నప్పుడు, మేమంతా వెళ్లి గొడవచేసి ఆ నియమం తీయించాం. హిలారియా కూడా వచ్చింది. నా పావడా వెనక పట్టుకుని అంతసేపూ నిలబడింది. గెలిచాక ట్రాము ఎక్కమంటే ఎక్కి, రెండో స్టాపులో దిగిపోయింది, గుండె దడగా ఉందని.

తరువాత పల్లెల్లో రైతులు లేచినప్పుడు, వాళ్ల దగ్గరికి వెళ్లివస్తున్నాడని జెనోన్‌ని మళ్లీ పట్టుకెళ్లారు. ఈసారి దాచడానికి ఎవరికీ వ్యవధి దొరకలేదు. ఎక్కడో దూరంగా అడవి జిల్లాలో వదిలేశారు. హిలారియా జైలు గేటు దగ్గరికి జావ కుండతో రోజూ వెళ్లేది. అతను అక్కడ లేడని చెప్పినా వెళ్లేది. జెనోన్ చలిజ్వరంతో తిరిగి వచ్చి, ఆ వర్షాకాలం దాటకుండా పోయాడు. శవపేటిక అతని తోటి వడ్రంగులే చేశారు.

కొన్నేళ్లకి పెద్ద విప్లవం వచ్చింది. గనులు సర్కారువయ్యాయి, ఎస్టేట్లు పంచారు, వాళ్ల నాన్నని ఈడ్చిన ఎస్టేటుతో సహా. ఊరంతా ఆనందంగా ఉంది. ఒక పొద్దున తుపాకులు తగిలించుకున్న కుర్రాళ్లు సంతకి వచ్చారు. మా సంఘాలన్నీ సర్కారు పెద్ద సంఘంలో కలిసిపోవాలి, వేలిముద్రలు వెయ్యండి అన్నారు. చాలామంది వేశారు. నేనూ వేశాను, అబద్ధమెందుకు.

హిలారియా దగ్గరికి వచ్చేసరికి అది కుంపటి పక్కన వణుకుతోంది.

"ఎందుకవ్వా భయం?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు నవ్వుతూ. "ఇప్పుడొచ్చింది మన సర్కారే కదా."

"సర్కారే కదా నాయనా," అంది హిలారియా.

వాడికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు, ఎస్టేట్ల సంగతి, గనుల సంగతి. అది వింటూ అందరికీ తలా ఒక గ్లాసు జావ పోసింది. సగం జావ వాళ్ల బూట్ల మీద పడింది. వాళ్లు తాగారు. కాగితం ముందుకి జరిపారు. అది తన రెండు చేతులూ శాలువాలో దాచుకుని, నేల చూస్తూ కూర్చుంది. కసిరారు. పేరడిగారు, చెప్పింది. ఇల్లెక్కడని అడిగారు, అదీ చెప్పింది. చేతులు మాత్రం తీయలేదు. చివరికి ఒకడు, "వదిలెయ్యరా, ముసల్ది చచ్చేలా ఉంది," అన్నాడు. వెళ్లిపోయారు.

వాళ్లు మలుపు తిరిగాక హిలారియా గ్లాసులన్నీ ఏరి, బకెట్లో కడిగి, ఒకటొకటే బోర్లించింది.